దిగులుకు ముందటి హుషారు: ద్విధ్రువ రుగ్మతలో కుంగుబాటు చికిత్స – తెలుగు పరిభాష, సాహిత్య సంస్కారాలపై విమర్శనాత్మక పరిశీలన (నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం

ద్విధ్రువ రుగ్మత ఉన్న వ్యక్తికి వచ్చే కుంగుబాటు, మామూలు కుంగుబాటు పైకి ఒకేలా కనిపిస్తాయి. చికిత్స మాత్రం వేరు. ఆ తేడాను తేల్చేది రక్తపరీక్ష కాదు, రోగి, అతని కుటుంబం చెప్పే గత చరిత్ర. ఆ చరిత్ర చెప్పడానికి తెలుగు ఏ మాటలను సమకూర్చింది, ఏ మాటలను సమకూర్చలేదు అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. వైద్య పరిభాష, అలంకారశాస్త్రంలోని సంచారి భావాల పట్టిక, మనోవైజ్ఞానిక నవల, నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతపు వాడుక అనే నాలుగింటిని పరిశీలించి, విషాదానికి తెలుగులో ఉన్నంత పదసంపద దానికి ముందు వచ్చే ఉద్రేక దశకు రోగార్థంలో లేదని, ఈ లోటు నేరుగా చికిత్సను ప్రభావితం చేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ద్విధ్రువ రుగ్మత, కుంగుబాటు, ఉన్మాదం, సంచారి భావాలు, వైద్య పరిభాష, రాయలసీమ వాడుక, లిథియం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో దుఃఖానికి మాటల కరవు లేదు. దిగులు, బెంగ, గుబులు, వ్యాకులత, విచారం, నిర్వేదం, నిస్పృహ, కుంగుబాటు – వీటిలో ప్రతిదానికీ తనదైన అర్థచ్ఛాయ ఉంది. బెంగ దూరమైన మనిషి కోసం, గుబులు రాబోయే దాని గురించి, దిగులు కారణం ఉన్నా లేకున్నా. దినపత్రికల ఆరోగ్య పుటలు ‘డిప్రెషన్’కు ‘కుంగుబాటు’ అనే మాటను స్థిరపరచాయి. అది సార్థకమైన ఎంపిక. బరువుకు లోనైన దూలం కుంగినట్లు మనసు కుంగుతుందన్న భావన దానిలో ఉంది.

అయితే కుంగుబాటు ఒకే రోగం కాదు. ఒకసారైనా ఉద్రేక దశను చూసిన వ్యక్తికి వచ్చే కుంగుబాటును వైద్యశాస్త్రం ద్విధ్రువ రుగ్మతలో భాగంగా పరిగణిస్తుంది. ఈ రోగంతో వైద్యుని వద్దకు వచ్చేవారు చాలావరకు కుంగిన స్థితిలోనే వస్తారు, హుషారుగా ఉన్నప్పుడు ఎవరూ రారు. 2003లో హిర్ష్‌ఫెల్డ్, ఆయన సహచరులు అమెరికాలో ప్రకటించిన సర్వేలో ద్విధ్రువ రుగ్మత ఉన్నవారిలో 69 శాతం మందికి మొదట వేరే రోగనిర్ణయం జరిగింది. మూడింట ఒక వంతుకు పైగా సరైన నిర్ణయానికి పదేళ్లో అంతకు మించో వేచి ఉన్నారు. వైద్యసేవలు విరివిగా ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది. కనుక సమస్య వైద్యుల కొరత ఒక్కటే కాదు. రోగి నోట ఏ కథ వస్తుంది, ఏ కథ రాదు అన్నది కూడా. కథ, కథనం, పదం అన్నవి సాహిత్య విమర్శ పరిధిలోనివే.

2. పేర్ల చరిత్ర: వలయం నుంచి ధ్రువాల దాకా

1854లో ఫ్రెంచి వైద్యుడు ఫాల్రే ఈ వ్యాధికి పెట్టిన పేరుకు తెలుగు చేస్తే ‘వలయ ఉన్మాదం’ అవుతుంది. ఉద్రేకం, విషాదం, మధ్యలో విరామం – ఈ మూడూ చక్రంలా తిరుగుతాయని ఆయన గమనించాడు. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ దీన్ని ఉన్మాద–విషాద రోగంగా వర్గీకరించాడు. 1957లో కార్ల్ లియోన్‌హార్డ్ ఏకధ్రువ, ద్విధ్రువ విభజన చేశాడు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం వర్గీకరణ గ్రంథం మూడవ కూర్పులో ‘బైపోలార్’ అధికారికమైంది. తెలుగులోకి ‘ద్విధ్రువ రుగ్మత’ అన్న అనువాదం ఆ దారినే వచ్చింది.

ఈ అనువాదం నిర్దుష్టమే, కాని రెండు అపార్థాలకు తావిస్తుంది. మొదటిది, ధ్రువాలంటే సమానమైన రెండు కొసలన్న భావన. జడ్, ఆయన సహచరులు మొదటి రకం ద్విధ్రువ రుగ్మత ఉన్న 146 మందిని సగటున 12.8 ఏళ్లు అనుసరించి 2002లో ఫలితాలు ప్రకటించారు. వారు గడిపిన వారాలలో 31.9 శాతం కుంగుబాటు లక్షణాలతో, 8.9 శాతం ఉద్రేక లక్షణాలతో, 5.9 శాతం మిశ్రమ స్థితిలో గడిచాయి. అంటే కుంగుబాటు కాలం ఉద్రేక కాలానికి మూడున్నర రెట్లు. పేరులో సమానత ఉంది, జీవితంలో లేదు.

రెండవ అపార్థం ‘ధ్రువ’ శబ్దానిది. సంస్కృతాంధ్రాలలో ధ్రువమంటే కదలనిది, నిశ్చయమైనది. ధ్రువతార, ధ్రువపత్రం అన్న మాటలు ఆ అర్థంలోనివే. నిరంతరం మారే స్థితికి కదలని దాని పేరు పెట్టినట్లయింది. ఫాల్రే మాటలోని ‘వలయం’ మన చెవికి ఇంతకన్నా దగ్గరగా ఉండేది. కుంగిన మనిషిని చూసినప్పుడు “ఇది వలయంలో ఏ భాగం?” అని అడిగించే శక్తి దానికుంది. ఇప్పుడు పేరు మార్చమని వాదించడం వ్యర్థం. పేరు వదిలేసిన అర్థాన్ని వివరణలో నింపడమే చేయదగినది.

3. సంచారి భావాల పట్టిక: అందుబాటులోనే ఉన్న ఉపకరణం

మన శాస్త్ర సంప్రదాయం ఈ విషయంలో మౌనంగా లేదు. చరకసంహిత ఉన్మాదాన్ని వాతజ, పిత్తజ, కఫజ, సన్నిపాతజ, ఆగంతుకాలని ఐదు విధాలుగా విభజించింది. విషాదాన్ని ఎనభై వాతవికారాలలో లెక్కించింది. అయితే సాహిత్య విద్యార్థికి మరింత సన్నిహితమైనది నాట్యశాస్త్రంలోని ముప్ఫై మూడు సంచారి భావాల పట్టిక.

ఆ పట్టికను ఈ రోగం దృష్టితో చదివితే రెండు గుంపులు తేలుతాయి. నిర్వేదం, గ్లాని, దైన్యం, చింత, జడత, విషాదం, ఆలస్యం ఒకవైపు. హర్షం, గర్వం, చపలత, ఆవేగం, మదం, ఔత్సుక్యం మరొకవైపు. కుంగుబాటుకు నేటి వైద్యులు చెప్పే లక్షణాలలో ఎక్కువభాగం మొదటి గుంపులో, ఉద్రేక దశకు చెప్పేవి చాలావరకు రెండవ గుంపులో దొరుకుతాయి. భరతుడు రోగనిర్ణయం చేశాడని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆయన నటునికి సూచనలిచ్చాడు. కాని మనిషి ముఖం, మాట, నడక, నిద్ర చూసి స్థితిని గుర్తించే పరిశీలన ఆ పట్టికలో ఉంది.

ఇక్కడ రెండు అంశాలు విమర్శనాత్మకంగా గమనించదగినవి. ఒకటి, సంచారి లక్షణం వచ్చిపోవడం. స్థాయి అనే సముద్రంలో అది అలలా లేచి అణగుతుంది. రోగంలో జరిగేది దీనికి భిన్నం. అల అణగదు. కుంగుబాటు కనీసం రెండు వారాలు, ఉద్రేకం కనీసం ఏడు రోజులు, దాని తేలిక రూపం కనీసం నాలుగు రోజులు నిలిస్తేనే వైద్యశాస్త్రం దానిని దశగా లెక్కిస్తుంది. సంచారి తన స్వభావం మరచి స్థాయిలా పాతుకుపోవడమే రోగమని తెలుగు అధ్యాపకుడు తరగతిలో ఒక్క వాక్యంలో చెప్పగలడు.

రెండవది, ‘ఉన్మాదం’ అన్న సంచారికి నాట్యశాస్త్రం ఇష్టజన వియోగం, సంపద నాశనం, దెబ్బ తగలడం, వాతపిత్తశ్లేష్మ ప్రకోపం వంటి విభావాలు చెప్పింది. కావ్యంలో చలామణి అయినది వీటిలో వియోగమే. విరహి చెట్టునూ పుట్టనూ ప్రశ్నించడం ఉన్మాదానికి ప్రసిద్ధ ఉదాహరణ అయింది. ఫలితంగా మన కావ్యసంస్కారంలో ఉన్మాదం దుఃఖానికి కొస. ఆనందం, ఆత్మవిశ్వాసం, పని మీద ఉత్సాహం హద్దు దాటి రోగమవుతాయన్న భావనకు అందులో ప్రముఖ స్థానం దక్కలేదు. హర్షం, గర్వం, చపలత పట్టికలో ఉన్నా అవి శోభలుగానో లోపాలుగానో మిగిలాయి, రోగసూచనలుగా ఎవరూ చదవలేదు.

4. మనోవైజ్ఞానిక నవల నేర్పిన చదువు

ఆధునిక కాలంలో తెలుగు పాఠకునికి మనసు లోపలి చీకటిని పరిచయం చేసింది మనోవైజ్ఞానిక నవల. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ (1947), బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, నవీన్ ‘అంపశయ్య’ (1969) దశాబ్దాలుగా విశ్వవిద్యాలయ పరిశోధనలకు ఆలంబనలు. ఈ పాత్రలకు రోగనామాలు అంటగట్టడం విమర్శ కాదు. సీతారామారావుకో దయానిధికో ఔషధం రాసిచ్చే అధికారం విమర్శకునికి లేదు. పరిశీలించవలసింది ఈ నవలలు మనోవ్యథను ఏ కాలరూపంలో అమర్చాయన్నది.

‘అసమర్థుని జీవయాత్ర’ది పతన రూపం. వంశప్రతిష్ఠ బరువు మోసిన వ్యక్తి మెట్టుమెట్టుగా దిగిపోవడం దాని నడక. ‘చివరకు మిగిలేది’ది అన్వేషణ రూపం. వ్యథ అక్కడ జీవితార్థం కోసం వెతుకులాటగా మారుతుంది. ‘అంపశయ్య’ది ఒక్కరోజు రూపం. విద్యార్థి రవి చైతన్యంలో ఒక దినం గడిచే తీరు ఆ నవల. మూడూ గొప్ప ప్రయోగాలే. కాని మూడింటిలోనూ లేనిది ఆవృత్తి. లేవడం, పడడం, కుదుటపడడం, మళ్లీ లేవడం అనే చక్రానికి పతనకథలో చోటు లేదు. అన్వేషణకు రోగం అడ్డు. వారాల ప్రమాణంలో నడిచే మార్పు ఒక్కరోజులో ఇమడదు.

ఈ నవలలపై వచ్చిన విమర్శ కూడా వ్యథను అస్తిత్వవాదం, ఫ్రాయిడ్, మధ్యతరగతి సంక్షోభం అనే చట్రాలలో వివరించింది. ఆ వివరణలు సాహిత్యపరంగా ఫలవంతమైనవే. కాని వాటిలో పెరిగిన చదువరి తన ఇంట్లో కుంగిన తమ్ముణ్ణి చూసినప్పుడు వెంటనే ‘ఎందుకు’ అని అడుగుతాడు. ఉద్యోగం లేకనా, ప్రేమ విఫలమయ్యా, అప్పులా? ‘ఇంతకుముందు ఎలా ఉన్నాడు’ అన్న ప్రశ్న అతనికి తోచదు. రాయలసీమ కథాసాహిత్యానికీ ఇదే వర్తిస్తుంది. మధురాంతకం రాజారాం, కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటి కథకులు ఈ నేల కష్టాన్ని నమోదు చేశారు. కరవు, అప్పు, కక్షలు ఇక్కడ నిజమైన కారణాలు. అయితే ప్రతి దిగులుకూ కరవే కారణమన్న పఠనం అలవాటైతే, కారణం తీరినా తీరని దిగులు కంటికి ఆనదు.

5. నంద్యాల, ఆళ్లగడ్డ వాడుక: ఉగ్రం, శాంతం

2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడింది. ఆళ్లగడ్డ, అహోబిలం ఈ జిల్లాలోనివే. ఇక్కడి వాడుకలో మనసుకు సంబంధించిన రోగానికి రెండు తట్టుల మాటలున్నాయి. కుంగినవారిని గురించి ‘మనసు బాగలేదు’, ‘దిగులు పట్టుకుంది’, ‘నీరసం’, ‘నరాల బలహీనత’ అంటారు. ఇవి సానుభూతి కలిగిన మాటలు. ఆసుపత్రికి పోవడానికి దారి ఇస్తాయి. ఉద్రేకంలో ఉన్నవారిని గురించి వాడే మాటలు ‘తిక్క’, ‘పొగరు’, ‘గాలి సోకింది’, ‘పూనకం’. ‘తిక్క’ స్వభావదోషం, ‘పొగరు’ నీతిదోషం, ‘గాలి’, ‘పూనకం’ దైవికాలు. మందకొడిగా ఉన్నప్పుడు రోగి, ఉరకలేస్తున్నప్పుడు పొగరుబోతు – ఒకే మనిషికి ఈ రెండు పేర్లు వస్తే, ఆ రెండూ ఒకే రోగపు ముఖాలని కుటుంబానికి తెలిసేదెలా?

ఉద్రేకం తేలికగా ఉన్నప్పుడు ఇంకొక చిక్కు. అప్పుడు వాడే మాటలు మెప్పుదలవి: ‘మంచి ఊపు మీదున్నాడు’, ‘రెండు గంటలు పండుకున్నా అలుపు లేదు’, ‘నోరు తెరిస్తే ఆగదు’. పొలం మీద కొత్త అప్పు చేయడం, అవసరం లేని బండి కొనడం, ఊరందరికీ విందు పెట్టడం దర్జాగానే చెల్లుతాయి. దర్జాకు విలువ ఉన్న సమాజంలో రోగపు ఖర్చుకు పరువు ముసుగు తొడుగుతుంది. తరువాత కుంగుబాటు వచ్చినప్పుడు ఆ అప్పే దిగులుకు కారణంగా కనిపిస్తుంది. నిజానికి అప్పు దిగులుకు కారణం కావచ్చు, ముందటి దశకు ఫలితమూ కావచ్చు. ఈ రెండవ అవకాశాన్ని మన వాడుక మూసివేస్తుంది.

అహోబిల క్షేత్రకథ ఈ ప్రాంతపు ఊహలో బలంగా నాటుకున్నది. ఉగ్రనరసింహుడు చెంచులక్ష్మి సాన్నిధ్యంలో శాంతిస్తాడు. ఉగ్రానికి తరువాత శాంతం అన్న క్రమం ఇక్కడి వారికి స్వాభావికం. మనిషి కేకలు తగ్గి మూలకు చేరితే ‘శాంతించినాడు’ అనుకొని ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. ద్విధ్రువ రుగ్మతలో పెద్ద ప్రమాదం ఈ ఊరటలోనే ఉంది. ఉద్రేకం తరువాతి మౌనం తరచుగా శాంతం కాదు, అవసాదం. ఆత్మహత్యకు అవకాశం ఎక్కువగా ఉండే కాలాలలో అదొకటి. దేవుని కథకు ఇందులో దోషం లేదు. మనిషికి ఆ కథను అన్వయించే తొందరలో దోషం ఉంది. శాంతానికీ కుంగుబాటుకూ తేడా తెలిపే గుర్తులు సులభమైనవే. శాంతించినవాడు తింటాడు, నిద్రపోతాడు, పలకరిస్తే పలుకుతాడు, పనిలో దిగుతాడు. కుంగినవాడికి ఏదీ చేయబుద్ధి కాదు.

6. చికిత్సలో మాట బరువు

ఈ పరిభాషా చర్చకు చికిత్సలో ఉన్న విలువ ఏమిటి? కుంగుబాటు మాత్రమే ఉన్నవారికి కుంగుబాటు నివారక మందులు మొదటి వరుసలో ఉంటాయి. ద్విధ్రువ రుగ్మతలో, ముఖ్యంగా మొదటి రకంలో, వాటిని ఒంటరిగా ఇవ్వడాన్ని వైద్య మార్గదర్శకాలు సమ్మతించవు. అవి కొందరిని ఉద్రేకంలోకి నెట్టవచ్చు, దశలు త్వరత్వరగా మారేలా చేయవచ్చు. మనఃస్థితిని నిలకడపరిచే మందులకు వీటిని జోడిస్తే లాభముందా అని అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన 2007లో వెలువడింది. 366 మందిలో, జోడించినవారిలో 23.5 శాతం, ఉత్తుత్తి మాత్ర జోడించినవారిలో 27.3 శాతం నిలకడగా కోలుకున్నారు. అంటే జోడింపు వల్ల అదనపు మేలు కనబడలేదు.

ద్విధ్రువ కుంగుబాటుకు ఆధారాలున్న మందులు వేరు. క్వెటియాపిన్, లురాసిడోన్, కారిప్రజిన్, ఒలాంజపిన్–ఫ్లూఆక్సెటిన్ జోడు, లిథియం, లామోట్రిజిన్ అటువంటివి. వీటిలో ప్రతిదానికీ తనదైన జాగ్రత్త ఉంది. లామోట్రిజిన్ మోతాదు చాలా నెమ్మదిగా పెంచాలి, లేకుంటే ప్రమాదకరమైన చర్మవ్యాధి రావచ్చు. వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. కనుక పిల్లలు కలిగే వయసు స్త్రీలకు దాన్ని రాసే ముందు ఆ సంభాషణ తప్పక జరగాలి. మందులతో పాటు కుటుంబకేంద్రిత చికిత్స, నిద్ర–దినచర్యల క్రమాన్ని నిలిపే చికిత్స, ఆలోచన–ప్రవర్తన చికిత్స మేలు చేస్తాయని 2007 నాటి మరొక పరిశోధన తెలిపింది. 293 మందిలో గట్టి మానసిక చికిత్స పొందినవారిలో ఏడాదిలో 64.4 శాతం, క్లుప్త బోధన మాత్రమే పొందినవారిలో 51.5 శాతం కోలుకున్నారు.

కాబట్టి “దిగులుగా ఉంది డాక్టర్” అన్న వాక్యం దగ్గర రోగి ఆగిపోతే ఒక మందు, “దిగులుకు ముందు నెల నిద్ర లేకుండా తిరిగినాడు” అని తోడు వచ్చినవారు చెబితే మరొక మందు. రెండింటి మధ్య ఉన్నది ఒక్క వాక్యం. దీని అర్థం మందు వాడుతున్నవారు అనుమానంతో మానేయాలని కాదు. అలా మానడం ప్రమాదం. చెప్పని వాక్యాన్ని వైద్యునికి చెప్పడమే చేయవలసినది.

7. ఎండ, చెమట, నొప్పి మాత్ర

వైద్యబోధన స్థానిక భాషలోనే కాదు, స్థానిక జీవనంలోనూ సాగాలనడానికి లిథియం మంచి ఉదాహరణ. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని ఉపయోగాన్ని ప్రకటించాడు. ఆత్మహత్యల ముప్పును తగ్గిస్తుందన్న ఆధారం ఉన్న అరుదైన మందు ఇది. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉంటే మందు, 1.5 దాటితే విషం. అందుకే రక్తపరీక్షలు, మూత్రపిండాల, థైరాయిడ్ పరీక్షలు తప్పవు.

ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలూ దాన్ని పెంచుతాయి. నంద్యాల ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆళ్లగడ్డ శిల్పి రాతిపొడి మధ్య పగలంతా ఉలి పట్టి కూర్చుంటాడు. కూలీ మడిలో వంగి పనిచేస్తుంది. సాయంత్రం నడుం నొప్పికి మందుల దుకాణంలో మాత్ర కొనుక్కోవడం అలవాటు. ‘నీళ్లు బాగా తాగండి’ అన్న సాధారణ సలహా వీరికి చాలదు. చేతుల వణుకు ఎక్కువైనా, విరేచనాలు పట్టినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలని, రక్తపోటు కోసం ఉప్పు హఠాత్తుగా మానవద్దని, వైద్యుణ్ణి అడగకుండా నొప్పి మాత్ర వేసుకోవద్దని చెప్పాలి. ఇంగ్లీషు కరపత్రానికి మక్కికి మక్కి అనువాదంలో ఉలి, మడి, ఎండ ఉండవు. అందువల్ల అది తెలుగు లిపిలో ఉన్నా తెలుగు రచన కాదు.

8. సంస్థలు, దూరాలు, ఒక ఆక్షేపణ

ఇదంతా భాషాదోషమా, వైద్యసేవల లోటు కాదా అన్న ఆక్షేపణ న్యాయమైనది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ద్విధ్రువ రుగ్మత ఉన్నవారిలో 70.4 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. అంటే తెలుగువారి పరిస్థితిని మనం ఇతరుల అంకెలతో ఊహిస్తున్నాం. మానసిక వ్యాధులకు ప్రత్యేకించిన పాత ప్రభుత్వ ఆసుపత్రులు విశాఖపట్నంలో, హైదరాబాదు ఎర్రగడ్డలో ఉన్నాయి. నంద్యాలకు రెండూ దూరమే. ఆళ్లగడ్డవారు నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు, అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి మరో 70 కిలోమీటర్లు పోవాలి. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడం, 2022 అక్టోబరు 10 నుంచి 14416 నంబరుపై టెలీ మానస్ సేవ అందుబాటులోకి రావడం ఈ దూరాన్ని కొంత తగ్గించాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది.

అయితే ఫోను చేసినా, నూరు కిలోమీటర్లు ప్రయాణించినా, చివరకు అక్కడ జరిగేది సంభాషణే. సేవలు పెరిగేకొద్దీ మాటల అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. భాష వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు, దాని ద్వారం.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. తెలుగులో కుంగుబాటుకు రోగార్థంలో సమృద్ధిగా పదాలున్నాయి. ఉద్రేక దశకు ఉన్నవి నింద, మెప్పు, దైవం అనే మూడు కోవలలోకి చెదిరిపోయాయి.

2. ‘ద్విధ్రువ’ అన్న పదం సమానతను, స్థిరత్వాన్ని సూచిస్తుంది. వ్యాధి స్వభావం ఆవృత్తి. కనుక బోధనలో ‘వలయం’ అన్న భావనను జోడించాలి.

3. మనోవైజ్ఞానిక నవల, దానిపై విమర్శ ‘ఎందుకు’ అన్న ప్రశ్నను బలపరిచాయి. ‘ఇంతకుముందు ఎలా’ అన్న ప్రశ్నకు అవి పాఠకుణ్ణి సిద్ధం చేయలేదు. ఆవృత్తి రూపంలో రాసిన కథ, నవల తెలుగులో పరిశోధకులు వెతకదగిన, రచయితలు పూరించదగిన ఖాళీ.

4. సంచారి భావాల పట్టిక తెలుగు విభాగాలకు, వైద్య కళాశాలలకు మధ్య వంతెన కాగలదు.

5. కుంగుబాటుతో వచ్చిన ప్రతివారినీ, వారి వెంట వచ్చినవారినీ వారి వాడుకలోనే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: “ఈ దిగులు పట్టకముందు ఎప్పుడన్నా, రెండు మూడు గంటలే పండుకున్నా అలుపు లేకుండా, వరసగా నాలుగు దినాలకు పైన మాటలు, ఖర్చు, పనులు మామూలుకన్నా శానా ఎక్కువైన కాలం ఉందా?”

నంద్యాల, కర్నూలు కళాశాలల తెలుగు విభాగాలు వైద్యులతో కలిసి ఇటువంటి ప్రశ్నలను మండలాల వారీగా, స్త్రీపురుషుల వాడుక భేదాలతో సేకరించి పరీక్షిస్తే, మాండలిక పరిశోధనకు పదకోశాన్ని మించిన ప్రయోజనం సిద్ధిస్తుంది. ‘శాంతించినాడు’ అని ఇల్లు ఊపిరి పీల్చుకునే సమయానికి, అది శాంతమా కుంగుబాటా అని అడగగల మాట ఆ ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి.